మోటరొచ్చిననాడు ఎవలూ టెంటెయ్యలే

1989 ఎండాకాలం. మా బ్యాంకు ముందర టెంటు వేసుకొని కూర్చున్నం. ముప్ఫై మందిమి. అందరి చొక్కాలకూ నల్లబ్యాడ్జీలు. అంతకు ముందురోజు రాత్రి హైదరాబాదు నుంచి వ్యానులో మూడు అట్టపెట్టెలు దిగినయి. అందరం కంప్యూటరని అన్నం గాని దాని అసలు పేరు అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మిషన్. ఆ పెట్టెలు విప్పనియ్యొద్దని మా డిమాండు. నినాదాలిచ్చే పని నాది. నీది డప్పు పక్కన పెరిగిన గొంతు, నీకు మైకు అక్కర్లేదని మా యూనియన్ సెక్రటరీ నవ్వుకుంట అనేవాడు. ఆ నవ్వుల ఏముందో అప్పుడు పట్టించుకోలేదు.

సరిగ్గ ఆ మధ్యాహ్నమే మా అయ్య వచ్చిండు. కండ్లు మసకబారినయని సర్కారు దవాఖానల చూపెట్టుకోవడానికి ఊరినుంచి బస్సెక్కి వచ్చిండు. నా చొక్కాకున్న నల్లబ్యాడ్జీ చూసి బెదిరిండు.

"ఏమైందిరా? ఎవలన్న సచ్చిపోయిండ్రా?"

"లేదయ్యా. మిషన్ వచ్చింది. పదిమంది చేసే పని అదొక్కటే చేస్తదట. మా నౌకర్లు పోతయని కూసున్నం."

అయ్య తలగుడ్డ తీసి మొఖం తుడుచుకున్నడు. టెంటు కింద కూర్చున్నవాళ్ళను ఈ మూల నుంచి ఆ మూల దాక చూసిండు. ఇస్త్రీ చొక్కాలు, జేబుల్ల పెన్నులు, పక్కన మంచినీళ్ళ కుండ, చాయ్ గ్లాసులు.

"మరి మనూరికి మోటరొచ్చిననాడు మనకోసం ఎవలు టెంటేసిండ్రురా?" అన్నడు.

ఆ మాట ఎగతాళికి అనలేదు. నిజంగనే అడిగిండు. తనకు తెలియకుండ ఎక్కడన్న ఎవరన్న ఏసిండ్రేమో, చదువుకున్న కొడుక్కు తెలుసేమో అన్నట్టు అడిగిండు. నేను జవాబు చెప్పలేదు. పైసలిచ్చి దవాఖానకు రిక్షా ఎక్కించి వచ్చి మళ్ళీ మైకు ముందర నిలబడ్డ. ఆ పొద్దు నా గొంతు లేవలేదు.

మోటంటే ఇప్పటి పిల్లలకు తెలియదు గనక చెప్పాలె. బాయి ఒడ్డున గిలక. గిలక మీంచి మోకు. మోకుకు బొక్కెన. బొక్కెన కిందికి తోలు తొండం. జోడెద్దులు పల్లానికి నడుస్తుంటె బొక్కెన పైకొచ్చి, తొండం సాగి, నీళ్ళు కాలువల పడతయి. ఎద్దులు వెనక్కి నడిస్తె బొక్కెన మళ్ళీ బాయిలోకి. తెల్లారకముందు మొదలైతె పొద్దెక్కినదాక అదే పని. వరి పండిందంటె మోట పారినట్టే. మోట పారిందంటె మాదిగోడు తొండం కుట్టినట్టే. ఊళ్ళె పండిన ప్రతి గింజా మా తోలుగుండ నడిచిన నీళ్ళతోనే పండింది. ఆ నీళ్ళు మాత్రం మేము ముట్టొద్దు. ఇదెక్కడి లెక్కో నాకు బి.కాం. చదివినంక కూడ అర్థం కాలేదు.

తొండం కుట్టుడు ఒక్కరోజు పని కాదు. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు వొలిచి, సున్నంల నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్క నీళ్ళు పోసిన లందల ఊరబెట్టాలె. ఆ లంద వాసన మా ఇంటి చుట్టూ ఉండేది. బడికి పోతె నా అంగీకి ఉండేది. తోలు ఎప్పుడు పదునుకొచ్చిందో అయ్య వేలితో ఒత్తి చెప్పేవాడు. రంపెతో కోసి, ఆరెతో పొడిచి, వారుతో కుడితె చుక్క నీరు కారొద్దు. కారిందా, పటేలు బాయికాడికి పిలిచి తిట్టే తిట్లు వాడంతా వినబడేవి. కారకపోతె ఎవడూ శభాషనేవాడు కాదు. పంట కోసినంక కల్లం కాడ అందరి వంతులూ అయినంక, ఆఖరికి మా అయ్య గోనెసంచి పట్టుకొని నిలబడేవాడు.

నేను అయిదో తరగతిల ఉన్నప్పుడు మా ఊరికి కరెంటొచ్చింది. అంతకు ముందే ఒకరిద్దరు ఆసాములు ఆయిలింజన్లు పెట్టిండ్రు. మొదటి కరెంటు మోటరు దొర బాయికాడ బిగించిండ్రు. కొబ్బరికాయ కొట్టిండ్రు. ఊరు ఊరంతా చూడబోయింది. మా అయ్య కూడ పోయి దూరంగ నిలబడి చూసిండు. పైపులోంచి ధారగ నీళ్ళు పడుతుంటె పిల్లలం కేకలు పెట్టినం. అయ్య వంగి ఆ పైపుకేసి చూసి, "దీనికి తోలు ఎక్కడున్నది?" అని అడిగిండు. పక్కనున్నోళ్ళు పడిపడి నవ్విండ్రు.

నాలుగేండ్లు తిరగకముందే ఊళ్ళె మోటలు ఒక్కొక్కటే ఆగిపోయినయి. కల్లం కాడ గింజలు ఆగిపోయినయి. తర్వాత రబ్బరు చెప్పులొచ్చినయి. అయ్య కూలికి పోయిండు, మట్టిపని చేసిండు, కొన్నేండ్లు క్వారీల రాళ్ళు కొట్టిండు. ఆయన వేలికున్న ఆ నేర్పు, తోలు పదునును ఒత్తి చెప్పే నేర్పు, ఏ రికార్డుల లేదు. ఎవడూ ఆ మోటరు వద్దనలేదు. వద్దనమని మా వాడ కూడ అడగలేదు. ఇక్కడ ఒక మాట దాచుకోకుండ చెప్పాలె. మోటతోపాటు దొర బాయికాడ వెట్టి గూడ పోయింది. అర్ధరాత్రి పిలుపు పోయింది. మోటరు మా అయ్య చేతిపనిని తిన్నది, మెడమీది కాడిని గూడ తిన్నది. అందుకే ఆయన దాన్ని ఒకనాడు తిట్టేవాడు, ఒకనాడు మొక్కేవాడు.

ఇక నా సంగతి. 1982లో రిజర్వేషన్ కోటాల క్లర్కుగ చేరిన. 1969లో పద్నాలుగు, 1980లో మరో ఆరు బ్యాంకుల్ని జాతీయం చెయ్యకపోతె, రోస్టరనేది లేకపోతె నా బొంటివాడికి ఆ కౌంటరు ఇవతల నిలబడే పనే గాని అవతల కూర్చునే పని ఉండేది కాదు. చేరినంక ఏడేండ్లు నాకు డిస్పాచి సీటు. తపాలు బిళ్ళలు అంటించుడు, టోకెన్లు లెక్కపెట్టుడు. లెడ్జరు మాత్రం ఇవ్వలేదు.

లెడ్జరంటె ఉత్త పుస్తకం కాదు. దాని ముందు కూర్చున్నోడు బ్రాంచికి దేవుడు. ఎర్రసిరా, నల్లసిరా, గుండ్రటి దస్తూరి. జూన్ నెలాఖరుకీ డిసెంబరు నెలాఖరుకీ వడ్డీ కట్టాలె, బాలెన్సు పడాలె. పడకపోతె రాత్రి తొమ్మిదిదాక కూర్చోవాలె. కూర్చుంటె ఓవర్‌టైమొస్తది. మా హెడ్ క్లర్కు పంతులుగారి దస్తూరి చూడడానికి పక్క బ్రాంచీల నుంచి వచ్చేవాళ్ళు. ఆయన చెడ్డవాడని నేను చెప్పను. ఎవర్నీ పరుషంగ అనేవాడు కాదు. కాని నా చేతినుంచి వోచరు తీసుకునేవాడు కాదు. "బల్లమీద పెట్టవయ్యా" అనేవాడు. ఏడేండ్లు బల్లమీదనే పెట్టిన. ఒక్కసారి లెడ్జరు పని నేర్పమని అడిగితె, "బాలెన్సింగు అంత తేలిక కాదులేవయ్యా, చిన్నప్పటినుంచి లెక్కల వాతావరణం ఉండాలి" అన్నాడు. నేను బి.కాం. ఫస్టుక్లాసు. ఆయన మెట్రిక్.

యూనియన్ చెప్పిందంతా అబద్ధమని కూడ అనను. ఈ దేశంల ఆఫీసు యంత్రాలకు ఎదురుతిరిగిన చరిత్ర చిన్నది కాదు. 1960లల్ల కలకత్తాల జీవితబీమా ఉద్యోగులు తమ ఆఫీసులోకి కంప్యూటరు రాకుండ రాత్రింబగళ్ళు కాపలా కాసిండ్రు. 1983 సెప్టెంబరు 8న బ్యాంకు యాజమాన్యాలకూ సంఘాలకూ మధ్య మొదటి కంప్యూటర్ ఒప్పందం జరిగింది, యంత్రాలకు కొన్ని హద్దులు పెట్టుకున్నరు. అదే ఏడు రిజర్వు బ్యాంకు రంగరాజన్ కమిటీ వేసింది, మరుసటి ఏడే కమిటీ రిపోర్టొచ్చింది. ఆ 1984నే దేశంల కార్మిక సంఘాలు కంప్యూటరీకరణ వ్యతిరేక సంవత్సరంగ పాటించినయి. ఆ పోస్టర్లు నేనే రాసిన. నిరుద్యోగం ఇంతగ ఉన్న దేశంల పదిమంది పని ఒక యంత్రానికి ఇస్తరా అని రాసిన. మనసార రాసిన.

కాని ఐక్యత ఐక్యత అనే ఆ సంఘంలనే ఇంకొకటి చూసిన. 1985 జులై 17న కారంచేడు జరిగింది. మా జనరల్ బాడీల లేచి, చనిపోయినవాళ్ళకు సంతాపం తెలుపుతూ ఒక తీర్మానం చేద్దామన్న. సెక్రటరీ చాలా మర్యాదగ, "కామ్రేడ్, అది ఎజెండాలో లేదు. కులం సమస్య తెస్తే ఐక్యత చెడుతుంది" అన్నాడు. అదే మీటింగుల లెడ్జరు మిషన్ల మీద అయిదు పేజీల తీర్మానం చదివి చప్పట్లు కొట్టినం. నేను గూడ కొట్టిన. అది ఇప్పటికీ సిగ్గుగనే ఉంటది.

పదిహేడు రోజులకు టెంటు పీకేసినం. ఒప్పందం ఎప్పుడో అయిపోయింది గనక పెట్టెలు విప్పక తప్పదని పై కమిటీ చెప్పింది. మిషన్ మీద కూర్చునేవాళ్ళకు స్పెషల్ అలవెన్సుంటది, సీనియారిటీ ప్రకారం ఇస్తరు. మా బ్రాంచి యూనియన్ ఇంకో ఎత్తు వేసింది. వరుసల ఉన్నవాళ్ళంతా 'నాకీ సీటు వద్దు' అని రాసివ్వాలె, మిషన్ దుమ్ముకొట్టుకొని పోవాలె. నా పైనున్న ముగ్గురూ రాసిచ్చిండ్రు. ఒకరికి కండ్లజబ్బు, ఒకరికి నడుంనొప్పి, పంతులుగారు ఏ కారణమూ రాయలేదు. నాలుగోవాణ్ణి నేను.

సెక్రటరీ ఆ రాత్రి మా ఇంటికి వచ్చిండు. ఏడేండ్లల అదే మొదలు మా గడప తొక్కుడు. నా భార్య చాయ్ ఇచ్చింది, కప్పు పట్టుకొని అట్లనే ఉన్నడు. "సంఘాన్ని కాదని పోతే బ్లాక్‌లెగ్ అంటారు కామ్రేడ్, జీవితాంతం ఆ ముద్ర పోదు" అన్నాడు. చాయ్ చల్లారింది, వెళ్ళిపోయిండు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సమ్మె ద్రోహి అనే మాటకు నేను భయపడ్డ. సంఘం లేకపోతె నా జీతమే లేదని నాకు తెలుసు. ఇంకోపక్క, లెడ్జరు నాకియ్యనోళ్ళు ఇప్పుడు లెడ్జరును కాపాడమని నన్ను అడుగుతున్నరు. ఏ పుస్తకాన్ని కాపాడాలె నేను? పొద్దున్నే లేచి, మిషన్ సీటు నాకు సమ్మతమేనని రాసిచ్చిన.

హైదరాబాదుల ట్రెయినింగు ఇచ్చి పంపిండ్రు. నేను మిషన్ ముందర కూర్చున్న రోజు బ్రాంచిల ఒక్కడూ నాతో మాట్లాడలేదు. వెనక ఎవరో, "వీళ్ళకు రిజర్వేషన్ సీటు చాలదు, మిషన్ సీటు కూడా కావాలి" అన్నది మాత్రం వినబడ్డది.

ఇక ఆ మిషన్ గది. అద్దాల గది, ఏసీ, కింద రబ్బరు పట్టా. తలుపు మీద బోర్డు: పాదరక్షలు బయట విడువవలెను, అనుమతి లేనివారు లోనికి రారాదు. అచ్చంగ గుడే. లోపల ఫ్లాపీలు, ప్రింటరు, పచ్చ అక్షరాలు మెరిసే తెర. మంత్రం బదులు పాస్‌వర్డు. తేడా ఏందంటె ఈ గుళ్ళె పూజారిని నేను. బయట నిలబడి అద్దంలోంచి చూసేది మిగతావాళ్ళు. చాలా సంతోషపడ్డ, అబద్ధం చెప్పను.

ఆ సంతోషం వారం రోజులే. మా బ్రాంచి ఊడ్చే అక్క మా కులపామె. ఆమెను ఆ గదిలోకి రానియ్యొద్దని మేనేజరు చెప్పిండు, ఆమెతో దుమ్మొస్తదట. దుమ్ము తీసేటామెతో దుమ్మొస్తదట! మరి గది ఎవరు ఊడ్వాలె అంటె, "నువ్వు లోపలే ఉంటావు గదా, కాస్త చూసుకో" అన్నాడు. నేను చీపురు పట్టలేదు. కాగితం పట్టిన. ఆ అక్కకు అప్పుడు మూడో వంతు స్కేలు. మిషన్ గది పెరిగింది, పని గంటలు పెరిగినయి, సగం స్కేలు ఇయ్యాలని ఆమె పేర దరఖాస్తు రాసిన. ఏడాది తిప్పిండ్రు. ఏడాదికి వచ్చింది. ఆ మిషన్ వల్ల జీతం పెరిగిన మొదటి మనిషి మా బ్రాంచిల ఆమెనే.

చూపు ఆపరేషనయినంక అయ్య మళ్ళీ వచ్చిండు. నీ మిషన్ చూపెట్టమన్నడు. అద్దాల తలుపు కాడ, "అయ్యా, చెప్పులు ఇప్పు" అన్న. అయ్య ఆగిండు. తన చేతితో కుట్టుకున్న కిర్రుచెప్పులవి.

"గుడికాడ ఇప్పమన్నరు. దొర గడికాడ ఇప్పమన్నరు. నీకాడ గూడనారా?"

దుమ్ము పడితె మిషన్ చెడిపోతదని చెప్పబోయిన. మాట గొంతుల్నే ఆగింది. అయ్య లోపలికి రాలేదు. అద్దంలోంచే చూసిండు, చాలాసేపు చూసిండు. "నీళ్ళు పారుతున్నట్టే ఉన్నదిరా" అన్నడు ఆ తెరమీద అంకెలు పైకి పోతుంటె.

మిషన్లకు లెడ్జరు బాలెన్సులు ఎక్కించేటప్పుడు ఒక లెడ్జరుల రెండువేల చిల్లర తేడా బయటపడ్డది. ఏండ్లకేండ్లుగ పెన్సిలుతో రాసి మోసుకొస్తున్న తేడా. ఎవరూ తిన్నది కాదు, ఎప్పుడో ఎక్కడో పోస్టింగు తప్పింది. మూడు రాత్రులు పాత షీట్లు తిరగేసి ఆ తప్పు పట్టుకున్న. ఆ అంకె పంతులుగారి దస్తూరిల ఉన్నది. నేను పెద్దగ చెప్పలేదు, సరిదిద్దే వోచరు రాసి ఆయన బల్లమీద పెట్టిన. అలవాటు గదా.

ఆయన రిటైరు కావడానికి నెల ముందు, అందరూ వెళ్ళిపోయినంక, చెప్పులిప్పి మిషన్ గదిలోకి వచ్చిండు. "ఒక్క వోచరు నా చేత వేయించవయ్యా" అన్నాడు. కీబోర్డు మీద ఆయన వేలు వణికింది, అంకె దొరకలేదు. నేను ఆయన వేలు పట్టుకొని ఏడు మీద పెట్టిన. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆయన లేచి, బాత్రూముకు పోయి చేతులు కడుక్కుంటడేమోనని తలుపుకేసి చూస్తూ కూర్చున్న. అంతటి అనుమానం నాకు ఎవరు నేర్పిండ్రు? ఆయన పోలేదు. సైకిలెక్కి ఇంటికి పోయిండు.

తర్వాత సంగతి మీకు తెలుసు. అలవెన్సు విలువ తెలిసినంక మిషన్ సీటుకు పోటీ మొదలైంది. నడుంనొప్పులు తగ్గినయి, కండ్లజబ్బులు తగ్గినయి. రొటేషనని పేరుపెట్టి నన్ను మిషన్ లేని పల్లెటూరి బ్రాంచికి పంపిండ్రు. నా సీట్ల మా సెక్రటరీ కూర్చున్నడు. 1993 అక్టోబరుల ఇంకో ఒప్పందం జరిగి కంప్యూటర్లకు దారి వెడల్పయింది. అప్పటికి టెంటు లేదు, నల్లబ్యాడ్జీ లేదు.

ఇంతదాక చదివి మీరు నేను గెలిచిననుకుంటె పొరపాటే. 2000-2001ల బ్యాంకులు స్వచ్ఛంద పదవీ విరమణ పథకం తెచ్చినయి. దేశం మొత్తంల లక్షమందికి పైగ వెళ్ళిపోయిండ్రు. పోయినోళ్ళు పైసలు తీసుకొని పోయిండ్రు, కొందరు పిల్లల్ని అమెరికా పంపిండ్రు, ఆ కంప్యూటర్ చదువులకే. వాళ్ళ కుర్చీలు మాత్రం ఖాళీగ ఉండలేదు, మాయమైనయి. 2001లనే బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డుల్ని ఎత్తేసిండ్రు. ఆ తర్వాత చాలా ఏండ్లు క్లర్కుల నియామకాలు లేనట్టే నడిచింది. పోస్టు ఉంటెనే గదా రోస్టరు. మా అన్నకొడుకు బి.కాం. చదివి ఆ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి చూసి వయసు దాటబెట్టుకున్నడు. "చిన్నాయినా, నువ్వు ఆ మిషన్ల పనిచేసినవు గదా, దానిమీదనే గదా మా నౌకర్లు పోయింది" అన్నడు ఒకసారి, పండుగనాడు, తాగి. మర్నాడు కాళ్ళ మీద పడ్డడు. కాని అన్నది అన్నడు.

1984ల నేను రాసిన పోస్టరు తప్పు కాదు. పదిమంది పని ఒక యంత్రానికి పోయింది నిజం. కాని ఎవల పదిమంది? మా ముందటి తరాలవాళ్ళు ఆ నౌకర్లు చేసి, పింఛన్లు తీసుకొని, ఇండ్లు కట్టుకొని అయిపోయింది. మేము నిచ్చెన మీద మొదటి మెట్టు ఎక్కినంక పైనోళ్ళు నిచ్చెన తీసేసిండ్రు. అందుల ఒక మేకు నేనే పీకిన్ననా? ఆ రాత్రి నేను 'వద్దు' అని రాసిస్తె ఆగేదా? ఆగకపోవు. అయినా అడుగుతనే ఉంట.

2018ల రిటైరయిన. మరుసటి ఏడు ఒకనాడు మా పాత బ్రాంచి ఊడ్చిన అక్క కోడలు మా ఇంటికి వచ్చింది. అక్క చనిపోయింది. ఆమె సగం స్కేలు నౌకరి ఆమెతోనే పోయింది, ఇప్పుడు ఊడ్చే పని కాంట్రాక్టరుది. రోస్టరు లేదు, స్కేలు లేదు. ఈ కోడలు, ఇంకో అయిదుగురు ఆడోళ్ళు మూడు నాలుగు ఆఫీసులు ఊడుస్తరు. పొద్దున్నే కాంట్రాక్టరు పెట్టిన యంత్రం మీద వేలు పెట్టాలె. ఫినాయిలు, యాసిడ్ల నానిన వేళ్ళు అది గుర్తుపట్టదు. గుర్తుపట్టకపోతె ఆ రోజు కూలి లేదు. పని మాత్రం చేపించుకుంటరు. ఆరుగురూ కలిసి, ఇక వేలు పెట్టేది లేదని నిలబడ్డరు.

"మామా, మీరు అప్పట్ల మిషన్ వద్దని టెంటేసిండ్రట గద. మా అత్త చెప్పేది. గా కాయితం ఎట్ల రాసిండ్రో చెప్పు."

అటకమీది ట్రంకుపెట్టె దింపిన. 1989 నాటి మెమోరాండం ఉన్నది, పచ్చబడ్డది. రెండుసార్లు చదివిన. ఉత్పాదకత, ద్వైపాక్షిక ఒప్పందం, ఏకపక్ష నిర్ణయం. ఆమెకు పనికొచ్చే వాక్యం ఒక్కటి దొరకలేదు. అది పక్కన పెట్టి తెల్లకాగితం తీసిన.

"నువ్వు చెప్పు బిడ్డా, నేను రాస్త" అన్న.

ఆమె తన కుడిచెయ్యి చూసుకున్నది. వేళ్ళ కొసలు నున్నగ, తెల్లగ, చెక్కులు లేచి ఉన్నయి.

"రాయి మామా," అన్నది. "మా ఏళ్ళు అరిగింది మీ ఆఫీసులు కడిగే."